గానుగ చెక్క నుంచి కాల్షియం సబ్బు దాకా: తెలుగునాట పశువుల మేతలో నూనె చరిత్ర

హైదరాబాద్‌లో మూసీ నది ఉత్తరపు గట్టున అంబర్‌పేట్ నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం మీదుగా తార్నాక, లాలాపేట దాకా ఉన్న కొద్ది కిలోమీటర్ల నేలలో తెలుగువారి పాడి చరిత్రలోని మూడు అంచెలు పక్కపక్కనే కనిపిస్తాయి. నది నీటితో పెరిగి పట్నం గేదెల కడుపు నింపిన పచ్చిగడ్డి మడులు మొదటి అంచె. నూనెగింజల రసాయన శాస్త్రాన్ని, ఆహార శాస్త్రాన్ని పెంచి పోషించిన తార్నాక ప్రయోగశాలలు రెండవది. పాలను నగరానికి పంచిన లాలాపేట విజయ డెయిరీ మూడవది. గడ్డి తిని బతికే పశువుకు నూనె ఎంత, ఏ రూపంలో అందాలి అన్న ప్రశ్న ఈ మూడింటినీ కలుపుతుంది. ఒకనాడు గానుగ ఆడించేవారి చేతి పనితో తనంతట తానే తీరిపోయిన ఆ ప్రశ్న, యంత్రాలు మారిన కొద్దీ శాస్త్రజ్ఞులు మళ్లీ మొదటి నుంచి విప్పవలసిన చిక్కుముడిగా మారింది.

ఆవు, గేదె వంటి నెమరువేసే జంతువుల కడుపు నాలుగు గదులుగా ఉంటుంది. వాటిలో రూమెన్ అనే మొదటి గది ఎదిగిన పశువులో నూరు లీటర్లకు మించి పట్టే పెద్ద తొట్టి. మేసిన గడ్డి ముందుగా అక్కడికే చేరి, కోటానుకోట్ల సూక్ష్మజీవుల చేత పులియబెట్టబడుతుంది. గడ్డిలోని పీచును, అంటే సెల్యులోజ్‌ను, విడగొట్టే శక్తి పశువుకు స్వయంగా లేదు. ఆ పని చేసేవి ఈ సూక్ష్మజీవులే, అవి విడుదల చేసే ఆమ్లాలే పశువుకు ప్రధానమైన శక్తి. అలాంటి చోటికి నూనె ఎక్కువగా చేరితే రెండు నష్టాలు కలుగుతాయి. నూనె నుంచి విడివడిన అసంతృప్త కొవ్వు ఆమ్లాలు, అంటే హైడ్రోజన్ ఇంకా పట్టగలిగిన కొవ్వు ఆమ్లాలు, పీచును జీర్ణం చేసే సూక్ష్మజీవులకు విషంగా పనిచేస్తాయి. పైగా గడ్డి నారల మీద పొరగా పట్టి, సూక్ష్మజీవులను వాటి దగ్గరకు చేరనివ్వవు. బరువుకు బరువు చూస్తే పిండిపదార్థాల కంటే రెండింతలకు మించిన శక్తి నూనెలో ఉన్నప్పటికీ, మొత్తం మేత ఎండు బరువులో కొవ్వు 6, 7 శాతం దాటితే పీచు జీర్ణం కుంటుపడి, మేసిన గడ్డి కడుపులోనే ఎక్కువసేపు నిలిచి, పశువు మేత తగ్గిస్తుంది. ఎండుగడ్డిలో, చొప్పలో సహజంగా ఉండే కొవ్వు 1, 2 శాతమే కనుక, పశువుకు నూనె ఇవ్వడానికి చోటు ఉంది, కాని ఆ చోటు ఇరుకైనది.

తెలుగు పల్లెల్లో ఆ ఇరుకు చోటును శతాబ్దాల పాటు నింపినది గానుగ చెక్క. గాండ్లవారు, తెలికులవారు కులవృత్తిగా నడిపిన గానుగలో పెద్ద రోలు నేలలో పాతి ఉండేది. ఎద్దు చుట్టూ తిరిగే కొద్దీ బరువెత్తిన కాడికి కట్టిన రోకలి ఆ రోటిలో ఒరుసుకుంటూ గింజలను నలిపేది. నువ్వులు, వేరుశనగ, కుసుమ గింజలను పోసి, నూనె విడివడేందుకు మధ్యమధ్య కాస్త నీరు చిలకరించి, ఒక్కొక్క వాయిని గంటల తరబడి ఆడించేవారు. ఎంత ఆడించినా ఎద్దు బలానికి ఒక హద్దు ఉంది కాబట్టి, రోలు అంచుకు గట్టిపడి అట్టలా ఊడివచ్చిన చెక్కలో సుమారు 10 నుంచి 12 శాతం నూనె మిగిలిపోయేది. ఆ చెక్కను రాత్రి కుడితిలో నానవేసి, పొద్దున తవుడుతో కలిపి, నరికిన జొన్నచొప్ప మీదనో వరిగడ్డి మీదనో కలియపోసి, దుక్కి రోజుల్లో ఎద్దులకు, ఈనిన తరువాత గేదెలకు, ఆవులకు పెట్టేవారు.

ఈ మేతలో దాగి ఉన్న కొలత లెక్క వేస్తే తెలుస్తుంది. ఎండు బరువులో 8 కిలోల చొప్ప, 2 కిలోల గానుగ చెక్క తినే గేదెకు చొప్ప నుంచి సుమారు 100 గ్రాములు, చెక్క నుంచి సుమారు 220 గ్రాములు, మొత్తం 320 గ్రాముల కొవ్వు అందుతుంది. 10 కిలోల మేతలో అది 3 శాతానికి కాస్త పైన ఉంటుంది. అంటే రూమెన్‌లోని సూక్ష్మజీవులకు హాని చేసే హద్దుకు అది సగం దగ్గరే ఆగుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. చొప్పలో, వరిగడ్డిలో మాంసకృత్తులు చాలా తక్కువ కనుక, వాటి మీదనే బతికే పశువు రూమెన్‌లో సూక్ష్మజీవులు నత్రజని చాలక బలహీనంగా ఉంటాయి, ఆ బలహీన స్థితిలో నూనె ఒక్కటే వచ్చి పడితే మరింత దెబ్బతింటాయి. గానుగ చెక్క నూనెను ఒంటరిగా పంపదు. సూక్ష్మజీవులను పెంచే మాంసకృత్తులను వెంటబెట్టుకుని పంపుతుంది. రైతుకు ఈ రసాయనం తెలియకపోయినా, పచ్చి నూనెను రోజువారీ మేతగా పోయకుండా చెక్కనే మేతగా నిలుపుకున్న ఆనవాయితీలో ఈ జ్ఞానం ఇమిడి ఉంది.

పచ్చి నూనెకు ఆ ఆనవాయితీలో వేరే చోటు ఉండేది. లేత పచ్చిమేత, ముఖ్యంగా పప్పుజాతి మొక్కలు, అతిగా మేసిన పశువుకు కడుపు ఉబ్బితే వెదురు గొట్టంతో నువ్వుల నూనెనో వేరుశనగ నూనెనో గొంతులో పోసేవారు. ఉబ్బరానికి కారణం రూమెన్‌లో ఏర్పడే చిక్కని నురగ. వాయువు ఆ నురగ బుడగల్లో చిక్కి బయటికి రాలేదు, నూనె ఆ బుడగల పొరను చీల్చి వాయువుకు దారి ఇస్తుంది. నురగ ఉబ్బరానికి నూనె వాడకాన్ని పశువైద్య గ్రంథాలు కూడా సమర్థిస్తాయి. పత్తిగింజల విషయంలోనూ ఇలాంటి వివేకమే కనిపిస్తుంది: దాదాపు 18, 20 శాతం నూనె ఉన్న ఆ గింజలను నానవేసి, రుబ్బి, పాలిచ్చే గేదెలకు పరిమితంగా పెట్టేవారు. తెలంగాణలో విస్తారంగా పండిన ఆముదాల చెక్కను మాత్రం పశువుల దగ్గరికి రానివ్వకుండా పొలానికి ఎరువుగా తరలించేవారు, ఎందుకంటే అందులోని రైసిన్ అనే మాంసకృత్తి ప్రాణాంతకమైన విషం.

ఈ అమరికకు మొదటి కుదుపు వలస పాలన కాలపు ఎగుమతుల నుంచి వచ్చింది. గింజ గింజగానే ఓడలెక్కి యూరప్ మిల్లులకు పోతే, దానితో పాటు పశువుకు, పొలానికి దక్కవలసిన చెక్క కూడా దేశం దాటిపోతుంది. బ్రిటిష్ ప్రభుత్వం పంపగా భారతదేశంలో పర్యటించిన వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు జాన్ అగస్టస్ వోల్కర్ 1893 నాటి తన నివేదికలో నూనెగింజల ఎగుమతి నేల సారానికి నష్టమని గట్టిగా చెప్పాడు. ఆ తరువాత పట్టణాల్లో వెలసిన నూనె మిల్లుల్లోకి ఎక్స్‌పెల్లర్, అంటే మరచుట్టు తిరుగుతూ గింజను పిండే యంత్రం, ప్రవేశించి చెక్కలో మిగిలే నూనెను 6, 8 శాతానికి దించింది. 1934లో గాంధీ ప్రేరణతో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం వార్ధాలో మెరుగుపరచిన గానుగను రూపొందించి గానుగ వృత్తిని నిలబెట్టాలని ప్రయత్నించింది గాని, మిల్లు నూనె చవకదనం ముందు పల్లె గానుగలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

రెండవ మలుపుకు తార్నాక వేదికలలో ఒకటి. హైదరాబాద్ ప్రభుత్వం 1944లో స్థాపించిన కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనశాలలు 1956లో రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీగా, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పేరు మార్చుకున్నాయి. నూనెలు, కొవ్వుల రసాయనం మొదటి నుంచీ వీటి ముఖ్య విభాగాలలో ఒకటి. 1950లో ఇక్కడ చేరి సుమారు రెండు దశాబ్దాలు పనిచేసిన నూనెల రసాయన శాస్త్రజ్ఞుడు కె.టి. అచయ, తరువాతి కాలంలో భారతీయ ఆహార చరిత్రకారుడిగా పేరు పొంది, దేశపు నూనెగింజల, నూనె పరిశ్రమ చరిత్ర మీద 1990లో, గానుగ మీద 1993లో గ్రంథాలు వెలువరించారు. గింజ నుంచి చివరి బొట్టు వరకు నూనె తీయడమే ధ్యేయమైన ప్రయోగశాల వాతావరణం నుంచి వచ్చిన ఒక శాస్త్రజ్ఞుడే గానుగకు ఆధార గ్రంథం రాయడం ఈ చరిత్రలో విశేషమైన ఘట్టం.

అదే కాలంలో ద్రావణి పద్ధతి, అంటే హెక్సేన్ వంటి ద్రావకంలో నూనెను కరిగించి తీసే పద్ధతి, దేశమంతటా వ్యాపించింది. నూనెల కొరతతో దిగుమతుల మీద ఆధారపడిన దేశానికి అది తప్పనిసరి అవసరమే. కాని దాని వల్ల చెక్కలో నూనె సుమారు 1 శాతానికి పడిపోయింది. తవుడుకూ అదే గతి పట్టింది: మంచి మిల్లు తవుడులో 15 శాతం దాటి ఉండే నూనెను తీసివేసి, మిగిలిన పొడిని దాణా కంపెనీలకు అమ్మడం పరిపాటి అయింది. పైన చెప్పిన గేదెకు గానుగ చెక్కకు బదులు ద్రావణి చెక్క పెడితే 220 గ్రాముల చోట 20 గ్రాముల నూనె మాత్రమే అందుతుంది, మొత్తం మేతలో కొవ్వు 1.2 శాతానికి దిగుతుంది. మాంసకృత్తులు పెరిగాయి, శక్తి తగ్గింది. సరిగ్గా ఆ దశాబ్దాలలోనే, 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ పథకంతో, 1974లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థతో, సంకర జాతి ఆవులతో పాల దిగుబడి పెంచే ప్రయత్నం ఊపందుకుంది. ఎక్కువ పాలిచ్చే పశువుకు ఈనిన తొలి వారాల్లో కావలసిన శక్తి మాత్రం మేతలో కరువైంది.

ప్రపంచ శాస్త్రం ఈ సమస్యకు వేరే దారిలో చేరుకుంది. రూమెన్‌లో సూక్ష్మజీవులు అసంతృప్త కొవ్వు ఆమ్లాలకు హైడ్రోజన్ జోడించి వాటిని సంతృప్త రూపంలోకి మారుస్తాయని 1951లో అమెరికాలో రేమండ్ రైజర్ చూపాడు. పచ్చిగడ్డిలో లినోలెనిక్ ఆమ్లం నిండుగా ఉన్నా పాలకొవ్వు, మాంసపు కొవ్వు గట్టిగా ఉండటానికి ఇదే కారణం. గొర్రెల మేతలో మొక్కజొన్న నూనె కలిపితే సెల్యులోజ్ జీర్ణం తగ్గుతుందని 1954లో అక్కడి పరిశోధకులే ప్రచురించారు; కాల్షియం వంటి ఖనిజాలు ఆ హానిని తగ్గిస్తాయన్న ఆధారాలు కూడా క్రమంగా పోగయ్యాయి. ఆ దారిలోనే 1980ల తొలినాళ్లలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో థామస్ జెంకిన్స్, డోనాల్డ్ పామ్‌క్విస్ట్ కొవ్వు ఆమ్లాల కాల్షియం లవణాలను, అంటే ఒక రకమైన సబ్బును, పాడి ఆవులకు పెట్టి చూశారు. రూమెన్‌లోని స్వల్ప ఆమ్లతలో ఈ సబ్బు విడిపోదు కనుక సూక్ష్మజీవులకు హాని చేయదు. ఆమ్లం తీవ్రంగా ఉండే నాలుగవ గదికి చేరాక విడిపోయి, చిన్నపేగుల్లో జీర్ణమవుతుంది. నేడు తెలుగు రైతు దుకాణంలో బైపాస్ ఫ్యాట్ పేరుతో కొని, రోజుకు 100 నుంచి 200 గ్రాములు దాణాలో కలిపే పొడి ఇదే.

బయట మేసే పశువు విషయంలో నూనె మోతాదు పట్ల జాగ్రత్త మరింత అవసరం. కొట్టంలో కట్టిన పశువుకు ఎంత గడ్డి వేయాలో యజమాని నిర్ణయిస్తాడు. మేసే పశువు మాత్రం కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని బట్టి తన మేతను తానే నిర్ణయించుకుంటుంది. నూనె ఎక్కువై పీచు జీర్ణం మందగిస్తే అది మేయడమే తగ్గించి, దాణా రూపంలో అందిన శక్తిని గడ్డి రూపంలో పోగొట్టుకుంటుంది. పచ్చిక మీద మేసే ఆవులకు కొవ్వు పెట్టి చేసిన పరిశోధనలు కూడా మితమైన మోతాదులో పాలు పెరుగుతాయని, రూమెన్‌లో సూక్ష్మజీవులను దెబ్బతీసే పచ్చి నూనెల కంటే సంతృప్త కొవ్వులు లేదా బైపాస్ ఫ్యాట్ వంటి రక్షిత కొవ్వులు పీచు జీర్ణానికి క్షేమమని చెబుతున్నాయి.

మూసీ గట్టున పెరిగిన పారాగడ్డి కథ ఈ శాస్త్రాన్ని మళ్లీ ఈ నేలకు తెస్తుంది. 1908 వరద తరువాత ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయి ఎగువ నీరు జలాశయాల్లో ఆగగా, నగరపు మురుగునీరే నదిలో ప్రధాన ప్రవాహమైంది. ఆ నీటికి తట్టుకుని ఏడాది పొడవునా కోతకొచ్చే పారాగడ్డిని అంబర్‌పేట్, ఉప్పల్, పీర్జాదిగూడ వైపు రైతులు పెంచి నగరపు గేదెల కొట్టాలకు అమ్మారు. నీరు మిక్కిలిగా ఉండే ఆ గడ్డి కడుపు నింపుతుంది గాని శక్తినివ్వదు. గేదె పాల వెన్న శాతాన్ని నిలబెట్టే భారం పత్తి చెక్క, పల్లి చెక్క, తవుడు మీదనే పడింది. చెక్కకు మరో ముప్పు కూడా ఉంది. తేమకు బూజు పట్టిన వేరుశనగ చెక్కలో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుందని 1960లో ఇంగ్లండ్‌లో టర్కీ కోళ్ల మరణాలతో లోకానికి తెలిసింది. 1958లో కూనూర్ నుంచి తార్నాకకు వచ్చి 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందిన పరిశోధనశాల ఆ విషం మీద విస్తృతంగా పనిచేసింది. పశువు తిన్న ఈ విషం రూపం మారి పాలలోకి చేరుతుంది కనుక, చెక్క ఎంత మేలైనదైనా నిల్వ సరిగా లేకపోతే అది ఇంటిల్లిపాదికీ ప్రమాదమే.

ఈ చరిత్ర నుంచి తేలే తీర్పు స్పష్టమైనది. గానుగ చెక్కలో మిగిలిన నూనె వృథా కాదు, అది పశువు వాటా; ఆ వాటాను పూర్తిగా లాగేసుకున్న పరిశ్రమే దానిని ఇప్పుడు రక్షిత కొవ్వు పేరుతో రైతుకు తిరిగి అమ్ముతోంది. గానుగ కాలానికి వెనుదిరగడం సాధ్యం కాదు గాని, గానుగ నేర్పిన కొలతను నిలుపుకోవడం సాధ్యమే. 2009లో సవరించిన ఐ.ఎస్. 2052 భారతీయ ప్రమాణం మొదటి రకం పశువుల దాణాలో కనీసం 3 శాతం, రెండవ రకంలో కనీసం 2.5 శాతం కొవ్వు ఉండాలని నిర్దేశించింది. బస్తా మీద కొవ్వు శాతం ఎంత ఉందో రైతు చూడాలి. విడిగా అమ్మే చెక్క మీద కూడా నూనె శాతాన్ని తెలుగులో ముద్రించేలా పాడి సంఘాలు పట్టుబట్టాలి. నూనె పోస్తే పాలు పెరుగుతాయన్న మాట నమ్మి పచ్చి నూనెను మేతలో కుమ్మరించే పద్ధతి ఎక్కడ ఉన్నా మానుకోవాలి. గడ్డిని పాలుగా మార్చే సూక్ష్మజీవులు సుఖంగా ఉన్నంతవరకే పశువుకు పెట్టిన నూనెకు ఫలితం ఉంటుంది.