రాజు ఏలుబడికి ఏడేళ్లు కలిపిన వైద్యుడు

బుద్ధ పూర్ణిమ దగ్గరపడితే అందరి చూపూ నాగార్జునసాగర్ వైపే. ఆత్మకూర్ (ఎస్) వాళ్లు అంత దూరం పోనక్కర్లేదు. సొంత జిల్లా సూర్యాపేటలోనే, నాగారం మండలంలో, బిక్కేరు వాగు దగ్గర ఫణిగిరి ఉంది. పాము పడగలా కనిపించే గుట్ట కాబట్టి ఆ పేరు. పైకెక్కితే ఇటుకల స్తూపం, గజపృష్ఠాకార చైత్యగృహాలు, భిక్షువులు ఉన్న గదుల పునాదులు, విరిగిన రాతి స్తంభాలు. ఎటు చూసినా పొలాలు, దూరంగా మరిన్ని గుట్టలు. ధ్యానానికి చోటు వెతుక్కోవడం ఆనాటి వాళ్లకు బాగా తెలుసు.

శాతవాహనుల నాటికే ఇక్కడ ఆరామం ఉంది. తర్వాత విజయపురి రాజధానిగా ఇక్ష్వాకులు వచ్చారు. ఆ కాలంలోనే, నన్ను ఎప్పుడూ కట్టిపడేసే మనిషి ఒకాయన ఈ గుట్ట ఎక్కాడు. ఆయన రాజు కాదు, భిక్షువు కాదు. రుద్రపురుషదత్తుడి కొలువులో ప్రధాన వైద్యుడు. ఆ రాజు పద్దెనిమిదో ఏలుబడి సంవత్సరంలో ఇక్కడ ధర్మచక్ర స్తంభం నిలబెట్టి, దాని మీద శాసనం చెక్కించాడు.

రుద్రపురుషదత్తుడు ఇక్ష్వాకుల్లో మనకు తెలిసిన చివరివాడు. అంతకుముందు దొరికిన శాసనాలు ఆయన పదకొండో ఏడుతోనే ఆగిపోయాయి. ఆపైన ఆ వంశం మాటే లేదు. ఫణిగిరి స్తంభం బయటపడ్డాక ఆయన ఏలుబడికి మరో ఏడేళ్లు కలిశాయి. ఏ మందులు నూరి ఇచ్చాడో గానీ, రాజు ఆయుష్షును చరిత్రలో పెంచింది మాత్రం ఆ వైద్యుడి రాయే. బుద్ధుణ్ణి లోకానికి పెద్ద వైద్యుడని బౌద్ధులు కొలుస్తారు. రోగుల మధ్య బతికిన మనిషి తన సంపాదనతో ఆ ధర్మానికి చక్రం ఎత్తించడంలో ఎంత భక్తి ఉందో!

ఇక్ష్వాకుల తర్వాత విష్ణుకుండినుల కాలంలో, ఆ పక్క ఆత్మకూర్ (ఎం)కు పొరుగునున్న రామన్నపేట సీమలో, తుమ్మలగూడెం దగ్గరి ఇంద్రపాలనగరంలో గోవిందవర్మ రాణి కట్టించిన విహారం వెలిగింది. చాళుక్యులు, కాకతీయులు, కుతుబ్‌షాహీలు వచ్చి వెళ్లారు. ఫణిగిరి మట్టి కింద ఉండిపోయింది.

1940లలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వింది. మళ్లీ పెద్ద ఎత్తున పలుగు పడింది 2001 తర్వాతే. అప్పుడే సున్నపురాతి తోరణం దూలాలు దొరికాయి. రెండు వైపులా బుద్ధుడి జీవిత ఘట్టాలు, కిక్కిరిసిన మనుషులు, జంతువులు. ఒక్కో ముఖంలో ఒక్కో భావం. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అవి కొలువుదీరాయి. 2024 మార్చిలో మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి, ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు. వ్యాపారుల రాకపోకలు లేని చోట అంత చిల్లర పోగవుతుందా?

ఈ పక్కనే వర్ధమానుకోట, గాజులబండ, తిరుమలగిరి కూడా బౌద్ధం నడిచిన చోట్లే. సూర్యాపేట నుంచి జనగామ దారి పట్టే బడి పిల్లల విహారయాత్రలు ఒక పూట ఇక్కడ ఆగాలి. గుట్ట మీద నీడ తక్కువ. నీళ్లు తీసుకుని పొద్దున్నే ఎక్కించండి. ఆ వైద్యుడి కథ మాత్రం పైకి చేరాకే చెప్పండి.