కిడ్నీ మార్పిడి ఫలితాలు – డయాలసిస్ కాలం: తెనాలి, బాపట్ల, రేపల్లె రోగుల దృష్టితో ఒక పరిశీలన

మార్చిన కిడ్నీ ఎందుకు నిలబడింది, ఎందుకు పోయింది అన్న ప్రశ్నకు పరిశోధకులు ఎక్కువగా ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి ఫైళ్లలోనే జవాబు వెతుకుతారు. దాత వయసు, కణజాలాల పొంతన, తీసిన కిడ్నీ ఎన్ని గంటలు ఐసులో ఉంది వంటివి అక్కడ దొరుకుతాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి ఊళ్ల నుంచి వెళ్లే రోగి విషయంలో మాత్రం ఫలితం చాలావరకు అంతకుముందే, డయాలసిస్ మంచం మీదే నిర్ణయమైపోతుందని నా వాదన.

2002లో మేయర్-క్రీషె, కాప్లాన్ అనే పరిశోధకులు ఒకే మృతదాత రెండు కిడ్నీలు ఇద్దరికి అమర్చిన అమెరికా కేసులను పోల్చారు. డయాలసిస్ ఆరు నెలలు దాటనివారిలో పదేళ్ల తర్వాత 63 శాతం కిడ్నీలు పనిచేస్తుంటే, రెండేళ్లు దాటినవారిలో 29 శాతమే మిగిలాయి. దాత ఒక్కరే కనుక కిడ్నీ మంచిది కాదనే సాకు ఇక్కడ చెల్లదు. ఎక్కువకాలం డయాలసిస్‌పై ఉండిపోయేది తరచూ పేదలే కనుక ఈ తేడాలో పేదరికం పాలు కూడా ఉంటుంది. మన ప్రాంతానికి ఈ ఫలితాన్ని అన్వయించేటప్పుడు ఆ సంగతి మరవకూడదు.

ఆ రెండేళ్లలో ఒంట్లో జరిగేది చాలా ఉంది. డయాలసిస్ కోసం చేతి రక్తనాళాలను కలిపే ఫిస్టులా వేయడం ఆలస్యమైతే మెడలో గొట్టంతోనే నెలలు గడుస్తాయి, ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. వారానికి మూడుసార్లు రావలసిన మనిషి చార్జీలకు వెనకాడి రెండుసార్లే వస్తే, మధ్యలో చేరిన నీటి బరువంతా గుండె మీద పడుతుంది. అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది రక్తం ఎక్కించడం. హిమోగ్లోబిన్ పడిపోయినప్పుడు ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్లతో నెట్టుకురావలసిన చోట రక్తం ఎక్కిస్తే, ఆ పూటకు ఓపిక వస్తుంది. కానీ దానితోపాటు పరాయి కణాలపై యాంటీబాడీలు కూడా తయారు కావచ్చు. రేపు తమ్ముడు కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చినా, ఆ యాంటీబాడీల వల్ల క్రాస్‌మ్యాచ్ పరీక్ష కుదరకపోవచ్చు. ఆడవాళ్లకు ఈ చిక్కు మరీ ఎక్కువ. కాన్పుల వల్ల భర్త కణాలపై ముందే యాంటీబాడీలు ఏర్పడి ఉంటే, భర్త ఇస్తానన్నా ఆమెకు పనికిరాకపోవచ్చు. ఎన్నిసార్లు రక్తం ఎక్కింది, ఎన్ని కాన్పులు అయ్యాయి అన్న రెండు వివరాలు డయాలసిస్ పుస్తకం మొదటి పేజీలోనే ఉండాలి.

మార్పిడి ఆలస్యమయ్యేది చట్టం, పథకాలు లేక కాదు. 1994 అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణతో తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలు, మనవరాళ్లు కూడా దగ్గరి బంధువుల జాబితాలో చేరారు. పొంతన కుదరని రెండు కుటుంబాలు దాతలను మార్చుకునే వీలు కలిగింది. మృతదాతల అవయవాలకు జీవన్‌దాన్ పథకం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం డయాలసిస్ ఖర్చు భరిస్తోంది. ఈ ఆసరా వల్ల ప్రాణాలు నిలిచిన మాట నిజమే. అయితే డయాలసిస్ సాఫీగా సాగుతున్నకొద్దీ మార్పిడి ఊసు వెనక్కి పోతుంది. మొదటి నెలలోనే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఆ మాట ఎత్తడం ఎవరి పనో తేలాలి.

ఆపరేషన్ తర్వాత పరీక్ష మళ్లీ ప్రయాణంతోనే. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ మోతాదు సరిచూడడానికి పొద్దుటి మాత్ర వేసుకోకముందు, రాత్రి మాత్రకు పన్నెండు గంటలకు రక్తం తీయాలి. రేపల్లె మనిషి రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుని, తెల్లారి తెనాలి మీదుగా గుంటూరో విజయవాడో బయల్దేరతాడు. అలవాటు కొద్దీ ఇంట్లోనే మాత్ర మింగి వెళ్తే రక్తంలో మందు లేనిపోని ఎక్కువగా కనిపిస్తుంది. డాక్టరు మోతాదు తగ్గిస్తే శరీరం కిడ్నీని తిరస్కరించే ముప్పు. పంపరపనస తింటే మందు నిజంగానే పెరుగుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ దాన్ని బాగా పడగొడుతుంది. అందుకే క్షయ మందులు మొదలుపెట్టే ఊరి డాక్టరు, మొదటి మాత్ర ఇవ్వకముందే మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయాలి.