క్లోరోఫాం నుండి భుజం సూది దాకా

భుజంలో కండరపు నరం తెగి నిరుడు నాకు ఆపరేషన్ ఖాయమైనప్పుడు, జగిత్యాలలో ఉండే మా అక్క అడిగింది ఒక్కటే మాట: "మత్తిచ్చినంక మళ్ళ లేస్తవు గదరా?" నేను కోరుట్లలో నౌకరీ చేసిన రోజుల్లోనూ పెద్దలందరూ ఇదే అడిగేవారు. ఈ భయం ఉత్తది కాదు.

క్లోరోఫాం కాలంలో రోగి బల్లమీదే పోవడం ఉండేది. ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్న తగాదా మన హైదరాబాదు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి దాకా వచ్చింది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888లో ఒకటి, 1889లో మరొకటి క్లోరోఫాం కమీషన్లు కూర్చున్నాయి. రెండవదానికి లండన్ నుండి లాడర్ బ్రంటన్‌ను రప్పించడానికి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకొనే రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ హైదరాబాదులోనే క్లోరోఫాం ఇచ్చారు. వందలాది కుక్కలు, కోతులు బలయ్యాక (పాపం, వాటినెవరు తలుచుకుంటారు!) కమీషన్ ఊపిరినే కనిపెట్టుకొని ఉండమంది. గుండె కూడా నేరుగా ఆగిపోగలదని 1911లో లెవీ చూపాడు. తీర్పు వీగింది గాని, ఊపిరి మీద చూపు మాత్రం మత్తు డాక్టర్లకు నేటికీ అవసరమే.

అదే 1911లో జర్మనీలో కులెన్‌కాంఫ్ చేతి నరాల కట్ట దగ్గర మందు ఎక్కించే పద్ధతిని మొదట తనమీదే చేసి చూసుకున్నాడు. మెడ పక్కన వేసే సూదిని 1970లో విన్నీ వివరించాడు. నాకు వేసింది అదే, స్కానింగ్ తెరమీద నరాలను చూస్తూ. సాయంత్రానికి చెయ్యి నాది కానట్టే ఉంది, నొప్పి లేదు. హాయిగా ఉందని గోళీలు మానేశాను. మందు దిగేలోపే వేసుకోవాలని ఎవరూ చెప్పలేదు. తెల్లవారుజామున 3 గంటలకు మందు దిగింది. ఆ రెండు గంటలు మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు.

సిరిసిల్లలో మా బావమరిది ముప్ఫయ్యేళ్ళు సాంచాల మీద పనిచేశాడు. భుజం పోయింది, నూలు దుమ్ముతో ఆయాసమూ పట్టుకుంది. భయపడి ఆపరేషన్ వాయిదా వేస్తున్నాడు. నా కథంతా చెప్పి, ఒక్క సంగతి గట్టిగా చెప్పాను. ఈ సూది అటుపక్క ఊపిరి పీల్చడానికి పనికొచ్చే నరాన్ని కూడా కొన్ని గంటలు మొద్దుబారుస్తుంది. కనుక ఆయాసం సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, ఆయన వేరే చోట సూది వేయవచ్చు, మందు తగ్గించవచ్చు.

మొన్న ఫోన్ చేశాడు. "బావా, గోళీ ఎన్ని గంటలకు ఏసుకోవాలె అన్నవు?"