బ్రూక్ హంస కారు

బ్రూక్ హంస కారు 1910లో ఇంగ్లండులో హంస ఆకృతిలో నిర్మింపబడిన ఒక అరుదైన మోటారు కారు. కలకత్తాలో నివసించిన స్కాట్లండు దేశీయుడైన ఇంజనీరు రాబర్ట్ నికోల్ మాథ్యూసన్ కోరికపై, లోవెస్టాఫ్ట్ పట్టణానికి చెందిన జె.డబ్ల్యు.బ్రూక్ కంపెనీ దీనిని తయారుచేసింది.

విశేషాలు

కారు ముందుభాగం హంస మెడ, తల రూపంలో ఉంటుంది. కళ్ళలో విద్యుద్దీపాలు అమర్చబడినవి. ముక్కు ఇంజను శీతలీకరణ వ్యవస్థతో కలుపబడి ఉన్నందున, దానిని తెరచి ఆవిరి చిమ్ముతూ దారి చేసుకొనే వీలుండేది. ఇంజను పొగ పీడనంతో మ్రోగే ఎనిమిది స్వరాల హారనును వెనుకనున్న మీటలతో వాయించేవారు. టైర్లకు అంటిన ఏనుగు లద్దెను తుడిచే బ్రష్షులు, డ్రైవరుకు ఆజ్ఞలందించడానికి ఓడలలో వాడే టెలిగ్రాఫు కూడా కలవు.

చరిత్ర

కారు వీధిలోకి రాగానే జనం భయభ్రాంతులు కావడంతో కలకత్తా పోలీసులు దీనిని నిషేధించారు. తరువాత పంజాబులోని నాభా సంస్థానపు మహారాజు దీనిని కొన్నాడు. 1920వ దశకంలో దీనికి తోడుగా 'హంసపిల్ల' అనే చిన్న విద్యుత్ కారు కూడా తయారైంది. నాభా రాజవంశం వద్ద ఏడు దశాబ్దాలకు పైగా ఉన్న హంస కారు క్రమేణా శిథిలమైంది.

పునరుద్ధరణ

1991లో నెదర్లాండ్స్‌కు చెందిన లౌమాన్ మ్యూజియం రెండు కార్లనూ సేకరించి, హంస కారును పునరుద్ధరింపజేసింది. సాధారణ పాతకార్లకు అదే నమూనా మరొక కారు నుండి విడిభాగాలు తీసుకొనవచ్చును. ఏకైక నిర్మాణమైన ఈ కారుకు ఆ అవకాశం లేదు. మిగిలివున్న భాగాలే పునరుద్ధరణకు ఆధారం. అవి పూర్తిగా నశించివుంటే అసలు కారును తిరిగి పొందడం అసాధ్యమయ్యేది. ప్రస్తుతం రెండు కార్లూ హేగ్ నగరంలోని ఆ మ్యూజియంలో ఉన్నాయి.