నివాసులు ఉండగానే అపార్ట్‌మెంట్ల వెలుపలి గోడల పునరుద్ధరణ: నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో గమనించవలసిన అంశాలు

అపార్ట్‌మెంటులో ఎవరి ఇల్లు వారిదే అయినప్పటికీ, వెలుపలి గోడ మాత్రం అందరిదీ. ఒక ఇంటివారు తమ కిటికీ చుట్టూ పగులు పూడ్చుకున్నంత మాత్రాన పై అంతస్తు నుండి దిగే చెమ్మ ఆగదు. కనుక గోడల పునరుద్ధరణను యజమానులందరూ కలిసి, నిర్ణీత క్రమంలో చేపట్టవలసిన పనిగా పరిగణించడం అవసరం.

స్థానిక పరిస్థితులు

నిజామాబాద్ 2005లో నగరపాలక సంస్థగా మారింది. 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం కారణంగా బోధన్ చెరకు ప్రాంతంగా పేరు పొందింది. ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. వేసవిలో తీవ్రమైన ఎండ, జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి వర్షాలు ఈ ప్రాంత గోడలను ఏటా పరీక్షిస్తాయి. నిజాంసాగర్ ఆయకట్టులోని నల్లరేగడి నేల తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోతుంది. పునాదిలో కలిగే ఈ కదలిక గోడలపై ఏటవాలు పగుళ్లుగా బయటపడుతుంది. కాంక్రీటు దూలానికి, ఇటుక గోడకు మధ్య అతుకు వద్ద ఏర్పడే అడ్డపగుళ్లు ఇందుకు భిన్నమైనవి.

చట్టపరమైన స్థితి

1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం పునాదులు, స్తంభాలు, దూలాలు, ప్రధాన గోడలు, పైకప్పు ఉమ్మడి ఆస్తి. వాటి నిర్వహణ వ్యయం యజమానులందరిపైనా ఉంటుంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం పరిధిలోని భవనాల్లో, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుండి 5 సంవత్సరాలలోపు నిర్మాణ లోపం దృష్టికి తెస్తే, నిర్మాణదారు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయవలసి ఉంటుంది. కనుక చందాలు వసూలు చేయడానికి ముందే సంఘం ఈ గడువును పరిశీలించుకోవాలి. కిటికీల పరిమాణం మార్చడం, బాల్కనీలు మూయడం, ఖాళీ స్థలంలోకి గోడ మందం పెంచడం వంటి పనులకు ముందుగా పట్టణ ప్రణాళిక విభాగాన్ని సంప్రదించడం శ్రేయస్కరం.

పనుల క్రమం

మొదటి దశ పరిశీలన. గోడను సుత్తితో మెల్లగా తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చినచోట గిలాబు విడిపోయిందని గ్రహించాలి. పగులుకు అడ్డంగా పలుచని గాజు పట్టీ అతికించి, దానిపై తేదీ వ్రాయాలి. పట్టీ విరిగితే కదలిక ఇంకా కొనసాగుతున్నట్లే. అటువంటి పగుళ్లను నిర్మాణ ఇంజనీరు పరిశీలించకుండా కప్పివేయరాదు.

రెండవ దశ నీటి నివారణ. కారుతున్న గొట్టాలు, వాటి పక్కన మొలిచిన రావి మొక్కలు, పిట్టగోడ పైభాగం, సజ్జాల అంచులు ముందుగా బాగుచేయాలి. కాంక్రీటులోని ఇనుము తుప్పు పట్టి ఉబ్బినచోట వదులైన భాగాన్ని తొలగించి, తుప్పు శుభ్రపరచి, రక్షణ పూత వేసిన తరువాతే పూడ్చాలి. దూలం, ఇటుక కలిసేచోట వల బిగించి గిలాబు చేయాలి. కొత్త గిలాబును కనీసం 7 రోజులు తడపడం తప్పనిసరి. చెమ్మ ఆరకముందే రంగు వేస్తే అది పొరలుగా ఊడిపోతుంది.

మూడవ దశ ఉష్ణ నివారణ. సాధారణ 9 అంగుళాల ఇటుక గోడకు వెలుపల 50 మిల్లీమీటర్ల ఉష్ణనిరోధక పొర అమర్చితే, గోడ గుండా ప్రసరించే వేడి సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. వ్యయం భరించలేని సంఘాలు పడమటి గోడకు లేత రంగు, కిటికీలకు నీడనిచ్చే సజ్జాలతో ప్రారంభించవచ్చు. 2018లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ విడుదల చేసిన ఎకో నివాస్ సంహిత, శీతల మండలం మినహా ఇతర ప్రాంతాల్లో కొత్త నివాస భవనాల వెలుపలి భాగం ద్వారా లోనికి చేరే వేడి చదరపు మీటరుకు 15 వాట్లకు మించరాదని నిర్దేశించింది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కూల్ రూఫ్ విధానం పైకప్పులకు ఉద్దేశించినది. గోడల విషయంలో చొరవ యజమానుల సంఘాలదే.

అగ్ని భద్రత

2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది మరణించారు. నివాసులు ఉండగానే చేపట్టి 2016లో పూర్తి చేసిన పునరుద్ధరణలో అమర్చిన, మండే స్వభావం గల వెలుపలి పలకలు మంటలను శరవేగంగా పైకి వ్యాపింపజేశాయి. అందువల్ల గోడకు తొడిగే పలకలు, నిరోధక పొరలు మండని రకానివని ధ్రువీకరించే పరీక్షా పత్రాలను సంఘం తప్పక కోరాలి.

నివాసుల రక్షణ

వర్షాలు వెనుకబట్టిన తరువాత, దసరా నుండి ఫిబ్రవరి వరకు ఈ పనులకు అనువైన కాలం. ఒకేసారి నాలుగు వైపులా పరంజా కట్టకుండా, ఒక వైపు పూర్తిచేసి మరొక వైపు చేపట్టడం మంచిది. మెట్లు, ప్రవేశ ద్వారం ఎల్లవేళలా తెరచి ఉండాలి. పరంజాకు వల, ఎత్తులో పనిచేసేవారికి రక్షణ బెల్టు, సమీపంలోని విద్యుత్ తీగల విషయంలో ముందు జాగ్రత్త తప్పనిసరి. నీటి సరఫరా నిలిపే వేళలను, ధూళి రేగే పనుల తేదీలను ముందురోజే నోటీసు బోర్డులో తెలియజేస్తే వృద్ధులు, ఉబ్బస రోగులు తగిన ఏర్పాట్లు చేసుకోగలుగుతారు.

ముందు నీరు, తరువాత నిర్మాణం, ఆపై వేడి, చివరగా రంగు అనే క్రమం తప్పితే, వెచ్చించిన సొమ్ము మరుసటి వర్షాకాలానికే వృథా కాగలదు.