తాగునీటిలో మైక్రోప్లాస్టిక్: వాడ వైపు నుంచి

5 మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్ రేణువులను మైక్రోప్లాస్టిక్ అంటారు. 2018లో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 9 దేశాల్లో కొన్న 259 నీళ్ల సీసాలను పరీక్షిస్తే 93 శాతంలో ఇవి దొరికాయి. వాటిలో మన దేశపు సీసాలూ ఉన్నాయి. మూత తిప్పినప్పుడల్లా రాపిడికి రేణువులు రాలతాయి. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ ఇంకా రాలుస్తుంది. కుళాయి సరిగా రాని వాడల్లో నీళ్లు నిలవుండేది 20 లీటర్ల క్యాన్లలో, వాకిట్లోని డ్రమ్ముల్లోనే కదా! అందుకే మేము దీన్ని కులం ప్రశ్నగా కూడా చూస్తున్నాం.

ఆరోగ్య ప్రమాదాన్ని తేల్చడానికి ఆధారాలు చాలవని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ప్రమాదం లేదని కాదు. నీటిలోని రోగక్రిములే పెద్ద ముప్పని కూడా అదే నివేదిక అంది, దాన్ని మనం దాచకూడదు. 2012 నాటి ఐఎస్ 10500 తాగునీటి ప్రమాణంలో మైక్రోప్లాస్టిక్‌కు పరిమితి లేదు. పంచాయతీల్లో వాడే పరీక్ష కిట్ ఫ్లోరైడ్, క్లోరిన్ చూపిస్తుంది, దీన్ని చూపించదు.