గుమ్మటం లేని మసీదు

మసీదు అనగానే గుమ్మటం, మీనార్లు మన కళ్ళ ముందు మెదులుతాయి. ఆ రెండూ లేని పురాతన మసీదు ఒకటి కేరళలోని రేవుపట్టణం కోళిక్కోడ్‌లో ఉంది. కుట్టిచిర కోనేటి పక్కనున్న ఆ మసీదు పేరు మిష్కాల్ పళ్ళి. అక్కడివారు మసీదును పళ్ళి అనే అంటారు.

14వ శతాబ్దంలో నాఖుదా మిష్కాల్ అనే ఓడల యజమాని దీన్ని కట్టించారు. చైనా, యెమన్ దేశాలదాకా ఆయన ఓడలు వర్తకం చేసేవని యాత్రికుడు ఇబ్న్ బతూతా వ్రాశారు.

భవనంలో ఎక్కువ భాగం కలపే. నాలుగు అంతస్తులు, వానలకు తగినట్టు వాలుగా దిగిన పెంకుల కప్పులు, 24 చెక్కడపు స్తంభాలు, 47 తలుపులు. కేరళ దేవాలయాలు కట్టిన వడ్రంగపు పనితనమే ఇక్కడా కనిపిస్తుంది.

1510లో అల్బుకర్క్ నాయకత్వాన వచ్చిన పోర్చుగీసువారు దీనికి నిప్పుపెట్టారు. 1571లో కోళిక్కోడ్ రాజు సామూతిరి చాలియంలోని పోర్చుగీసు కోటను పట్టుకొని పడగొట్టించారు. ఆ కోట కలపను ఈ మసీదుకు ఇప్పించారు. 1578-79లో మసీదు మళ్ళీ నిలబడింది. సామూతిరి హిందువు, ఆయన నౌకాదళాన్ని నడిపిన కుంజాలి మరక్కార్లు ముస్లిములు. కాలిన గుర్తులు పై అంతస్తులో నేటికీ ఉన్నాయి. అక్కడివారు వాటిని చెరిపెయ్యలేదు.

మరి మనమో? జాగా చాలడం లేదంటే చాలు, తాతలనాటి మసీదు మీదికి ముందు పలుగే ఎత్తుతున్నాం. కొత్తది కట్టుకుందాం, తప్పులేదు. పాతదాన్ని మాత్రం నిలుపుకుందాం. అల్లాహ్ మనకా బుద్ధి ప్రసాదించుగాక, ఆమీన్.